విరిగిన ముఖాన్ని చేతిలో పట్టుకుని నేర్చుకునే పాఠం

సీటీ స్కాన్ ఆధారంగా త్రీడీ ప్రింటర్‌లో తయారుచేసే పుర్రె నమూనాలు వైద్య విద్యార్థులకు ముఖ గాయాలను అర్థం చేసుకునే కొత్త దారి చూపుతున్నాయి. పెద్దాసుపత్రికి వెళ్లాలంటే సముద్రం దాటాల్సిన అండమాన్ నికోబార్ వంటి చోట్ల ఈ పాఠం విలువ మరింత ఎక్కువ.

బైక్ మీద నుంచి పడి ముఖానికి దెబ్బ తగిలిన మనిషిని గుర్తుపట్టడం కొద్ది గంటల్లోనే కష్టమైపోతుంది. కనురెప్పలు వాచి మూసుకుపోతాయి. బుగ్గలు ఉబ్బుతాయి. ముక్కు నుంచి, నోటి నుంచి రక్తం కారుతుంది. ఆ వాపు కింద ఏ ఎముక విరిగింది, అది ఎటు జరిగింది, కన్ను క్షేమమేనా, ఊపిరి దారి మూసుకుపోయే ప్రమాదం ఉందా అన్నవి పైకి కనిపించవు. వాటిని ముందుగా అంచనా వేయాల్సినది చాలాసార్లు ముఖ శస్త్రవైద్య నిపుణులు కాదు. ఆ పూట డ్యూటీలో ఉన్న, ఎంబీబీఎస్ పూర్తిచేసి ఏడాదో రెండేళ్లో అయిన యువ డాక్టరు.

మన దేశంలో ఈ పరిస్థితి అరుదేమీ కాదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు, 4,43,366 మంది గాయపడ్డారు. మరణించిన వారిలో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవారే. ద్విచక్ర వాహనం మీద నుంచి పడినప్పుడు నేలకు తగిలే భాగాల్లో ముఖం ముందుంటుంది. గడ్డాన్ని కప్పని సగం హెల్మెట్ పెట్టుకున్నా కింది దవడకు రక్షణ ఉండదు.

ఇక అండమాన్ నికోబార్ దీవుల సంగతి చూద్దాం. 2011 జనగణన ప్రకారం ఇక్కడి జనాభా 3.8 లక్షలు. వారిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో ఎక్కువమంది ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలవారు. రాజధాని శ్రీవిజయపురం పేరు 2024 సెప్టెంబర్ వరకు పోర్ట్ బ్లెయిర్. దీవులన్నింటికీ పెద్ద దిక్కు అక్కడి జి.బి.పంత్ ఆసుపత్రే. దానికి అనుబంధంగా 2015లో అండమాన్ నికోబార్ వైద్య విజ్ఞాన సంస్థ ఏటా 100 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైంది. ఈ కళాశాల పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధం. అదే విశ్వవిద్యాలయానికి చెందిన సముద్ర అధ్యయనాలు, సముద్ర జీవశాస్త్ర విభాగం నగర శివారులోని బ్రూక్షాబాద్‌లో ఉంది.

బ్రూక్షాబాద్‌లో గాయపడిన వ్యక్తిని పెద్దాసుపత్రికి చేర్చడం పెద్ద కష్టం కాదు. అదే ప్రమాదం సుమారు 270 కిలోమీటర్ల దూరంలోని కార్ నికోబార్‌లోనో, 500 కిలోమీటర్లు దాటి ఉన్న క్యాంప్‌బెల్ బేలోనో జరిగితే లెక్క మారిపోతుంది. అక్కడి డాక్టరు తీసుకోవాల్సిన మొదటి నిర్ణయం శస్త్రచికిత్స గురించి కాదు. ఈ మనిషిని ఇప్పుడే హెలికాప్టర్‌లో పంపాలా, తర్వాతి ఓడ వరకు ఆగవచ్చా అన్నది తేల్చాలి. ఆ తీర్పు సరిగ్గా ఇవ్వాలంటే ముఖంలోని ఎముకల అమరిక ఆ డాక్టరు మనసులో స్పష్టంగా ఉండాలి. త్రీడీ ముద్రిత నమూనాలు ఉపయోగపడేది ఇక్కడే.

ముఖం ఒక పెంకుటిల్లు లాంటిది

మనిషి పుర్రెలో 22 ఎముకలు ఉంటాయి. వాటిలో 14 ముఖానివి. కింది దవడ తప్ప మిగిలినవన్నీ ఒకదానితో ఒకటి కదలకుండా అతుక్కుని ఉంటాయి. బయటి నుంచి చూస్తే ముఖం గట్టి దిమ్మెలా అనిపిస్తుంది గానీ లోపల చాలాభాగం ఖాళీయే. కన్నుల కోసం రెండు గూళ్లు, ముక్కు లోపలి దారి, దాని పక్కన గాలితో నిండిన సైనస్ గదులు ఉంటాయి. ఈ గదుల మధ్య గోడలు కాగితమంత పల్చగా ఉంటాయి.

మరి గట్టి ఆహారాన్ని నమిలేటప్పుడు పుట్టే ఒత్తిడిని ఇంత బోలు నిర్మాణం ఎలా తట్టుకుంటుంది? పాత పెంకుటింట్లో కప్పు బరువును గోడలు కాక స్తంభాలు, దూలాలు మోసినట్టే ఇక్కడా కొన్ని మందమైన ఎముక పట్టీలు బరువు మోస్తాయి. ముక్కు పక్కన ఒకటి, చెంప ఎముక మీదుగా ఒకటి, వెనుక అంగిలి చివర ఒకటి చొప్పున ముఖానికి రెండు వైపులా నిలువు స్తంభాలు ఉన్నాయి. కనుబొమల దగ్గర, కంటి గూటి కింది అంచున, పై పళ్ల వరుస మీద అడ్డ దూలాలు ఉన్నాయి. మనం ముక్కుదూలం అంటాం. ఆ మాటలోనే దూలం ఉంది.

దెబ్బ తగిలినప్పుడు ఎముకలు ఇష్టం వచ్చినట్టు విరగవు. ఈ స్తంభాలు బలహీనంగా ఉన్నచోట్ల, ఎముకలు కలిసే అతుకుల దగ్గర విరుగుతాయి. ఈ విషయాన్ని మొదటిసారి పద్ధతిగా తేల్చినవారు ఫ్రాన్స్‌లోని లిల్ నగరానికి చెందిన శస్త్రవైద్యుడు రెనే లె ఫోర్. ఆయన 35 మృతదేహాల తలలకు వేర్వేరు దిశల నుంచి దెబ్బలు తగిలేలా చేసి, తర్వాత మెత్తటి కండను తొలగించి ఎముకలను పరిశీలించారు. 1901లో ఆ ఫలితాలను ప్రచురించారు. పై దవడ విరుపులు మూడు ముఖ్యమైన గీతల వెంట సాగుతాయని ఆయన గుర్తించారు. వాటిని నేటికీ లె ఫోర్ ఒకటి, రెండు, మూడు అనే పిలుస్తారు.

మొదటి రకంలో పళ్లున్న అంగిలి భాగం మాత్రమే విడిపోతుంది. రెండో రకంలో ముక్కుతో సహా పిరమిడ్ ఆకారంలో ముఖం మధ్యభాగం విడిపోతుంది. మూడో రకంలో చెంప ఎముకలతో కలిపి ముఖమంతా పుర్రె నుంచి వేరవుతుంది. డాక్టరు ఒక చేత్తో రోగి పై పళ్లను పట్టుకుని మెల్లగా కదిపి, రెండో చేతిని ముక్కుదూలంపై ఉంచి ఏ భాగం కదులుతోందో చూస్తే రకాన్ని అంచనా వేయవచ్చు. పుస్తకంలో ఇది మూడు గీతలున్న బొమ్మ. ఆ గీత కంటి గూటి లోపలి గోడల మీదుగా, పుర్రె వెనుకవైపు ఎలా వెళ్తుందో చదును బొమ్మలో కనిపించదు. చాలామంది విద్యార్థులు గీతలను బట్టీపట్టి పరీక్ష రాసి మరిచిపోయేది అందుకే.

ముక్కలుగా చూపే స్కాన్

ముఖ గాయాల నిర్ధారణకు నేడు ప్రధాన ఆధారం సీటీ స్కాన్. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన యంత్రంతో 1971 అక్టోబర్ 1న లండన్‌లో మొదటి రోగి మెదడును స్కాన్ చేశారు. అప్పటి చిత్రంలో అడ్డంగా 80, నిలువుగా 80 గడులు మాత్రమే ఉండేవి. నేటి చిత్రంలో సాధారణంగా 512, 512 చొప్పున ఉంటాయి. ఈ ఆవిష్కరణకు హౌన్స్‌ఫీల్డ్, అలన్ కార్మాక్ 1979లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

సీటీ యంత్రం ఎక్స్ కిరణాలను చుట్టూ తిప్పుతూ పంపి, శరీరంలోని ప్రతి చిన్న ఘనభాగం వాటిని ఎంతమేర అడ్డుకుందో లెక్కిస్తుంది. ఆ ఘనభాగాన్ని వాక్సెల్ అంటారు. ప్రతి వాక్సెల్‌కూ హౌన్స్‌ఫీల్డ్ పేరిటే ఒక సంఖ్య ఇస్తారు. నీటికి 0, గాలికి మైనస్ 1000, కొవ్వుకు సుమారు మైనస్ 100, ఎముకకు కొన్ని వందల నుంచి వెయ్యికి పైగా ఉంటుంది.

డాక్టరు చేతికి వచ్చేది మాత్రం వరుసగా పేర్చిన వందల బూడిదరంగు ముక్కలు. అనుభవమున్న రేడియాలజిస్టు వాటిని పైకీ కిందికీ తిప్పుతూ మనసులోనే పూర్తి ముఖాన్ని నిర్మించుకోగలరు. కొత్త విద్యార్థికి అది బ్రెడ్ ముక్కలను విడివిడిగా చూసి మొత్తం రొట్టె ఆకారం ఊహించడం లాంటిది. కంప్యూటర్ తెరపై త్రీడీ చిత్రం చూపించినా, చూసేది చదునైన తెర మీదే. లోతును మెదడు ఊహించుకోవాల్సిందే.

స్కాన్ నుంచి పుర్రె వరకు

త్రీడీ ముద్రణ ఈ ఊహించే పనిని తగ్గిస్తుంది. సీటీ స్కాన్ శరీరాన్ని పొరలుగా విడదీసి చూపిస్తే, ప్రింటర్ ఆ పొరలనే మళ్లీ ఒకదానిపై ఒకటి పేర్చి వస్తువుగా మారుస్తుంది.

ఈ సాంకేతికతకు నలభై ఏళ్లు దాటాయి. అమెరికాకు చెందిన చక్ హల్ 1984లో కాంతితో ద్రవ రెసిన్‌ను పొరపొరగా గట్టిపరిచే పద్ధతికి పేటెంట్ దరఖాస్తు చేశారు. 1980ల చివర్లో స్కాట్ క్రంప్ ప్లాస్టిక్ తీగను కరిగించి పొరలుగా పోసే పద్ధతిని రూపొందించారు. ఆ రెండో పద్ధతికి సంబంధించిన ముఖ్య పేటెంట్ గడువు 2009లో ముగియడంతో చవక ప్రింటర్లు మార్కెట్లోకి వచ్చాయి. నేడు కళాశాలల బల్లల మీద కనిపించే యంత్రాల్లో ఎక్కువ భాగం ఈ రకానివే.

తయారీలో నాలుగు దశలున్నాయి. మొదట రోగి అనుమతితో, పేరు వంటి వివరాలు తొలగించిన సీటీ ఫైలును తీసుకుంటారు. రెండో దశలో త్రీడీ స్లైసర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, నిర్ణయించిన సంఖ్యకు పైనున్న వాక్సెళ్లను మాత్రమే ఎముకగా ఎంచుకోమని చెబుతారు. చర్మం, కొవ్వు, కండరం పక్కకుపోయి ఎముకలు మిగులుతాయి. మూడో దశలో ఆ ఆకారపు ఉపరితలాన్ని చిన్న చిన్న త్రిభుజాల వలగా మార్చి ఎస్‌టీఎల్ అనే ఫైలుగా భద్రపరుస్తారు. చివరిగా ఆ ఆకారాన్ని మళ్లీ పల్చటి పొరలుగా కోసి ప్రింటర్‌కు పంపుతారు. 20 సెంటీమీటర్ల ఎత్తున్న పుర్రెను 0.2 మిల్లీమీటర్ల పొరలతో ముద్రించాలంటే 1000 పొరలు పోయాలి. పరిమాణాన్ని, యంత్రాన్ని బట్టి ఇందుకు ఒక రోజు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది.

ఎక్కువగా వాడే ముడిసరుకు పీఎల్ఏ. మొక్కజొన్న, చెరకు వంటి పంటల నుంచి తయారయ్యే ప్లాస్టిక్ ఇది. దీన్ని 200 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూ వేడి చేసి పోస్తారు. త్రీడీ ముద్రణ అనగానే జీవకణాలతో అవయవాలు తయారుచేసే పరిశోధనలు గుర్తుకు రావచ్చు. అది వేరే రంగం. ఇక్కడ తయారయ్యేది శరీరంలో అమర్చే వస్తువు కాదు, తరగతి గదిలో చేతులు మారే బోధనోపకరణం. అందుకే ఖర్చూ తక్కువ, నియమాలూ తేలిక.

పల్చని గోడ దగ్గర తప్పే లెక్క

స్కాన్ ఇస్తే యంత్రమే అన్నీ చూసుకుంటుందనుకుంటే పొరపాటు. ముఖ గాయాల్లో ముఖ్యమైన చోటే యంత్రం తడబడుతుంది. కంటి గూటి నేల, ముక్కు వైపు గోడ అర మిల్లీమీటరు, అంతకంటే పల్చగా కూడా ఉంటాయి. నేలకు పైన కన్ను చుట్టూ ఉండే కొవ్వు, కింద సైనస్‌లోని గాలి ఉంటాయి.

ఒక మిల్లీమీటరు ఎత్తున్న వాక్సెల్‌లో ఈ మూడూ ఇరుక్కున్నాయనుకుందాం. 0.3 మిల్లీమీటర్ల ఎముక సంఖ్య 800, మిగిలిన దానిలో సగం కొవ్వు, సగం గాలి. యంత్రం వాటి సగటునే నమోదు చేస్తుంది. ఎముక వాటా 240. కొవ్వు వాటా మైనస్ 35. గాలి వాటా మైనస్ 350. కలిపితే మైనస్ 145. అంటే ఎముక ఉన్నచోట కొవ్వు ఉన్నట్టు సంఖ్య వస్తుంది. ఎముకను మాత్రమే ఎంచుకోమని చెప్పిన సాఫ్ట్‌వేర్ ఆ గడిని వదిలేస్తుంది. ముద్రించిన నమూనాలో అక్కడ రంధ్రం కనబడుతుంది. విద్యార్థి దాన్ని విరుపుగా భావించవచ్చు. నిజానికి అక్కడ ఏ గాయమూ లేదు.

ప్రింటర్ వైపు నుంచి మరో పరిమితి ఉంది. సాధారణ యంత్రంలో ప్లాస్టిక్ వచ్చే నాజిల్ రంధ్రం వ్యాసం 0.4 మిల్లీమీటర్లు. అంతకంటే పల్చని గోడను అది సరిగ్గా పోయలేదు. అందుకే ముఖ నమూనాల కోసం వీలైనంత పల్చని ముక్కలున్న స్కాన్‌ను ఎంచుకోవాలి. సాఫ్ట్‌వేర్ వదిలేసిన చోట్లను రేడియాలజిస్టు అసలు స్కాన్‌తో పోల్చి చేత్తో పూరించాలి. కంటి గూడు వంటి సున్నిత భాగాలకు రెసిన్ ప్రింటర్ మేలు. పళ్లలో లోహపు పూతలు, తొడుగులు ఉన్నవారి స్కాన్‌లో ఆ చుట్టూ చారలు వస్తాయి. వాటినీ శుభ్రం చేయాలి. ఏ నమూనా అయినా తరగతికి వెళ్లేముందు నిపుణుల తనిఖీ తప్పనిసరి.

ప్రాణం మీదికి వచ్చే మూడు సందర్భాలు

ఎంబీబీఎస్ విద్యార్థులందరూ ముఖ శస్త్రచికిత్స చేయనక్కర్లేదు. ప్రమాదకరమైన కొన్ని గాయాలను మాత్రం వారు గుర్తుపట్టి తీరాలి. నమూనాతో నేర్పినప్పుడు ఎక్కువ ప్రయోజనం కలిగేది వీటిలోనే.

మొదటిది కింది దవడ. ఇది గుర్రపు నాడా ఆకారంలో ఉండి, రెండు చివర్లలో పుర్రెకు కీళ్లతో అతికి ఉంటుంది. అలా చూస్తే అది ఒక వలయం. చేగోడీని ఒక్కచోటే విరవాలని చూస్తే సాధారణంగా మరోచోట కూడా విరుగుతుంది. దవడ కూడా అంతే. గడ్డానికి ఎడమవైపు దెబ్బ తగిలితే కుడి కీలు దగ్గర కూడా వెతకాలి. గడ్డానికి రెండు వైపులా విరిగితే ప్రమాదం మరింత పెద్దది. నాలుకను ముందుకు పట్టి ఉంచే కండరాలు గడ్డం లోపలివైపు అతికి ఉంటాయి. ఆ ముక్క వెనక్కి జారితే నాలుకా దానితోపాటు వెనక్కి పడి ఊపిరి దారిని మూసేస్తుంది. అలాంటి వ్యక్తిని వెల్లకిలా పడుకోబెడితే ప్రాణం పోవచ్చు. విడిపోయే ముక్కలున్న దవడ నమూనాను వెల్లకిలా తిప్పి చూపితే ఈ విషయం ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

రెండోది కంటి గూటి నేల విరగడం. 1957లో బైరన్ స్మిత్, విలియం రీగన్ అనే అమెరికన్ వైద్యులు మృతదేహం కంటిపై బంతి ఉంచి సుత్తితో కొట్టి ఈ రకం విరుపును వివరించారు. గూటి అంచు చెక్కుచెదరకపోయినా లోపలి నేల సైనస్‌లోకి కూలిపోవచ్చు. పిల్లల్లో ఇది మరో రూపం తీసుకుంటుంది. వారి ఎముకకు సాగే గుణం ఎక్కువ కాబట్టి నేల తలుపులా కిందికి తెరుచుకుని వెంటనే మూసుకుంటుంది. ఆ సందులో కంటిని కదిపే కండరం ఇరుక్కుంటుంది. పైకి చూస్తే కన్ను తెల్లగా, మామూలుగానే ఉంటుంది. పిల్లవాడు పైకి చూడలేడు, వాంతులు చేసుకుంటాడు, నాడి నెమ్మదిస్తుంది. తలకు దెబ్బ తగిలిందేమోనని డాక్టరు పొరబడే అవకాశం ఎక్కువ. ఇరుక్కున్న కండరానికి రక్తప్రసరణ ఆగితే శాశ్వత నష్టం జరుగుతుంది. కాబట్టి ఒకటి రెండు రోజుల్లో శస్త్రచికిత్స జరగాలి. దీవుల్లో ఉన్న డాక్టరు ఇలాంటి పిల్లవాడిని ఓడ కోసం నాలుగు రోజులు ఆపకూడదు.

మూడోది ముఖం మధ్యభాగంతో పాటు పుర్రె అడుగు భాగం విరగడం. ముక్కు పైకప్పు దగ్గర మెదడుకూ ముక్కుకూ మధ్య జల్లెడ లాంటి పల్చని ఎముక మాత్రమే ఉంటుంది. అది పగిలితే ముక్కు నుంచి నీళ్లలాంటి ద్రవం కారవచ్చు. అలాంటప్పుడు ముక్కులోంచి గొట్టం వేస్తే అది పుర్రెలోకి వెళ్లే ప్రమాదం ఉంది. గొట్టాన్ని నోటి ద్వారా వేయాలి. ముద్రిత పుర్రెలో ముక్కు రంధ్రం నుంచి సన్నని గొట్టాన్ని దూర్చి చూసిన విద్యార్థికి ఆ జల్లెడ ఎముక ఎంత దగ్గరో తెలిసిపోతుంది.

మృతదేహం నేర్పలేని పాఠం

అనాటమీ బోధనకు మృతదేహాలే ఆధారం కదా, మళ్లీ ఈ ప్లాస్టిక్ పుర్రెలెందుకు అని అడగవచ్చు. దానం చేసిన దేహాలు చాలా కళాశాలలకు సరిపడా దొరకవు. దొరికినా వాటిలో తాజా ముఖ గాయాలు ఉండవు. పైగా ఎముకలు కనబడేదాకా కోస్తే మళ్లీ ఆ ముఖాన్ని వాడలేం. నిజమైన పుర్రెల విషయంలోనూ చిక్కులున్నాయి. ఒకప్పుడు ప్రపంచ వైద్య కళాశాలలకు అస్థిపంజరాలు ఎక్కువగా ఎగుమతి చేసిన దేశం మనదే. సమాధుల నుంచి తవ్వి తెస్తున్నారన్న ఆరోపణల నేపథ్యంలో 1985లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది.

మార్కెట్లో దొరికే ప్లాస్టిక్ పుర్రెలు ఆరోగ్యవంతుడివి, అన్నీ ఒకే అచ్చు. త్రీడీ ముద్రణలో అరుదైన గాయాన్ని కూడా ఒకసారి ఫైలుగా భద్రపరిస్తే, ఎన్ని కావాలంటే అన్ని నమూనాలు తీయవచ్చు. పదిమంది విద్యార్థులకు పది ఇవ్వవచ్చు. ఒకటి పగిలితే మరొకటి ముద్రించవచ్చు.

పరీక్షల్లో ఏం తేలింది

ముఖ గాయాల బోధనలో ఈ నమూనాలను పరీక్షించిన వారిలో లిల్ వైద్యుల బృందం ఒకటి. లె ఫోర్ పని చేసిన ఊరే అది. రోమన్ నికో, సహచరులు 2019లో డెంటల్ ట్రామటాలజీ పత్రికలో తమ అధ్యయనాన్ని ప్రచురించి, పుర్రె, ముఖ గాయాలను విద్యార్థులకు నేర్పడంలో ముద్రిత నమూనాలు ఉపయోగపడుతున్నాయని నివేదించారు.

ఇతర అవయవాల విషయంలోనూ ఆధారాలున్నాయి. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో 52 మంది మొదటి సంవత్సరం వైద్య విద్యార్థులను మూడు బృందాలుగా విడదీసి గుండె బాహ్య నిర్మాణాన్ని నేర్పారు. ఒక బృందానికి మృతదేహాల నుంచి తీసిన భాగాలు, మరో బృందానికి త్రీడీ నమూనాలు, మూడో బృందానికి రెండూ ఇచ్చారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం, పాఠం తర్వాతి పరీక్షలో త్రీడీ నమూనాల బృందం సగటున 61 శాతం మార్కులు తెచ్చుకుంది. మిగతా రెండు బృందాలు 45 శాతం దగ్గరే ఆగాయి.

అయితే ఇలాంటి ఫలితాలను జాగ్రత్తగా చదవాలి. పాఠం అయిన వెంటనే పెట్టిన పరీక్షలో వచ్చిన మార్కులు ఏడాది తర్వాత క్యాజువాలిటీలో సరైన నిర్ణయానికి హామీ కావు. కొత్త వస్తువు చేతికి వచ్చినప్పుడు కలిగే ఉత్సాహం కూడా మార్కులు పెంచవచ్చు. నమూనాతో నేర్చుకున్న విద్యార్థి చివరికి సీటీ ముక్కలను చదవగలగాలి, ఎందుకంటే ఆసుపత్రిలో ఎదురయ్యేవి అవే. కాబట్టి ఒకే రోగి స్కాన్‌నూ, నమూనానూ పక్కపక్కన పెట్టి, ఇందులోని ఈ గీత అందులో ఎక్కడ ఉందో వెతికించడం మంచి పద్ధతి.

ప్లాస్టిక్‌కు రక్తం లేదు, వాపు లేదు, నొప్పి లేదు. చెంప ఎముక విరిగినవారికి పై పెదవి తిమ్మిరెక్కడం, నోరు పూర్తిగా తెరవలేకపోవడం వంటి లక్షణాలను నమూనా తనంతట తానుగా చెప్పదు. ఆ నరం ఏ రంధ్రం నుంచి వస్తుందో, వంగిన చెంప ఎముక దవడకు ఎక్కడ అడ్డుపడుతుందో చూపించి, మిగతాది రోగి పక్కన నిలబెట్టి గురువే నేర్పాలి.

ముఖమంటేనే గుర్తింపు

చేయి ఎముక స్కాన్‌కూ ముఖం స్కాన్‌కూ ఒక తేడా ఉంది. పేరు తీసేసినా ముఖం ముఖమే. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2019లో ఒక పరీక్ష చేశారు. 84 మంది వాలంటీర్ల ఎంఆర్ఐ స్కాన్‌ల నుంచి ముఖాలను పునర్నిర్మించి, ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌కు వారి ఫొటోలతో పాటు ఇచ్చారు. 83 శాతం మందిని అది సరిగ్గా గుర్తించింది. సీటీ ఫైలులో కూడా చర్మం ఆకారం ఉంటుంది. కాబట్టి బోధన కోసం ఎముకల ఆకారాన్ని మాత్రమే ఉంచి అసలు స్కాన్‌ను పంచుకోకపోవడం, రోగి నుంచి స్పష్టమైన అనుమతి తీసుకోవడం అవసరం. చిన్న దీవుల్లో ఈ జాగ్రత్త మరింత ముఖ్యం. ఏ నెలలో, ఏ మలుపు దగ్గర, ఎవరు పడ్డారో ఊరంతటికీ తెలిసిన చోట గాయం వర్ణనే పేరుతో సమానం.

దీవుల తరగతి గదికి ఏం కావాలి

వైద్య విద్యలో 2019 నుంచి అమలవుతున్న సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక, చదివింది చేసి చూపగలగాలని కోరుతోంది. నైపుణ్య ప్రయోగశాలలను తప్పనిసరి చేసింది. ముఖ గాయాల నమూనాలు అలాంటి గదిలో చక్కగా ఇముడుతాయి. పెట్టుబడీ పెద్దది కాదు. పీఎల్ఏ తీగ కిలో ధర వెయ్యి రూపాయలకు అటూఇటూ ఉంటుంది. లోపల బోలుగా ముద్రించే పుర్రెకు అందులో కొంత భాగం చాలు. అసలు ఖర్చు నిపుణుల సమయానిదే. స్కాన్ ఎంచుకోవడం, శుభ్రం చేయడం, సరిచూడడం గంటల కొద్దీ పని.

అండమాన్ వాతావరణం మరో సవాలు. ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం పడే చోట గాలిలో తేమ ఎక్కువ. పీఎల్ఏ తీగ ఆ తేమను పీల్చుకుంటుంది. వేడి నాజిల్‌లోకి వెళ్లగానే ఆ నీరు ఆవిరై బుడగలు కట్టి, పొరలు గరుకుగా, బలహీనంగా వస్తాయి. తీగను సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో ఉంచాలి. రోజంతా సాగే ముద్రణ మధ్యలో కరెంటు పోతే పని వృథా కాకుండా యూపీఎస్ ఉండాలి. తయారైన నమూనాను ఎండలో ఆపిన వాహనంలో వదిలేయకూడదు. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడి వంగిపోతుంది.

ప్రతి కళాశాలా అన్నీ సొంతంగా చేసుకోనక్కర్లేదు. విశాఖపట్నంలోని ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌లో వైద్య అవసరాల త్రీడీ ముద్రణ సదుపాయం ఉంది. హైదరాబాద్‌లో జాతీయ సంకలిత తయారీ కేంద్రం ఏర్పడింది. విశాఖ నుంచి దీవులకు సముద్ర మార్గం సుమారు 1200 కిలోమీటర్లు. వస్తువును ఓడలో పంపితే రోజులు పడుతుంది. అదే నమూనా ఫైలును నిమిషాల్లో పంపవచ్చు. తనిఖీ పూర్తయిన ఫైళ్ల ఉమ్మడి భాండాగారం ఒకటి ఉంటే, విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఒక రేడియాలజిస్టు సరిచూసిన కంటి గూటి నమూనాను శ్రీవిజయపురంలోని కళాశాల తన బల్ల మీది యంత్రంలోనే ముద్రించుకోగలదు.

మొదలుపెట్టడానికి పెద్ద సేకరణ కూడా అక్కర్లేదు. గాయంలేని పుర్రె ఒకటి, విడిపోయే ముక్కలతో లె ఫోర్ మూడు రకాలు, రెండుచోట్ల విరిగిన దవడ, నేల కూలిన కంటి గూడు, నొక్కుకుపోయిన చెంప ఎముక. ఈ ఏడు నమూనాలు ఒక అట్టపెట్టెలో సరిపోతాయి. ఇంటర్న్‌షిప్ ముగించి బయటి దీవులకు వెళ్లే డాక్టర్లకు డ్యూటీకి ముందు ఒక మధ్యాహ్నం ఈ పెట్టెతో, వాటి స్కాన్‌లతో తరగతి పెడితే, హెలికాప్టర్ పిలవాలా వద్దా అన్న ప్రశ్నకు వారు మరింత నమ్మకంగా జవాబు చెప్పగలరు.

డాక్టరు దగ్గరికి చేరేలోపు చూస్తున్నవారు చేయగలిగినదీ ఉంది. ముఖానికి దెబ్బ తగిలిన వ్యక్తి స్పృహలో ఉండి, మెడకు గాయమైన సూచనలు లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టకుండా, రక్తం బయటికి కారేలా ముందుకు వంగి కూర్చోనివ్వాలి. పెద్దవారి శాశ్వత దంతం ఊడి పడితే వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని పాలలో వేసి వెంట తీసుకెళ్లాలి. త్వరగా చేరితే దాన్ని తిరిగి అమర్చే అవకాశం ఉంటుంది. ఇక బండి ఎక్కేవారు గడ్డం వరకు కప్పే హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగిస్తే, కింది దవడ గురించి పైన చెప్పుకున్న పాఠం తరగతి గదికే పరిమితమవుతుంది.